తాళం ఉంటే కుడివైపు ఇల్లు

నేను ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యానో శంషాబాద్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్లకు సరిగ్గా తెలియదు. ఆర్థికశాస్త్రం అని ఒకసారి అన్నందుకు వాచ్‌మన్ నన్ను ‘బ్యాంకు సారు’ అంటాడు. నేను సరిదిద్దలేదు. చేసిన పని ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు. ప్రభుత్వమో, ఏదైనా ట్రస్టో పేదల కోసం ఒక కార్యక్రమం మొదలుపెడుతుంది. కుట్టుమిషన్లు పంచుతారు, బడిలో గుడ్లు పెడతారు, బోర్లు వేయిస్తారు. కొన్నాళ్లకు, దీనివల్ల నిజంగా ఏమైనా మారిందా అని ఎవరో అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు తేల్చేవాళ్లం మేము. మా జవాబును బట్టి కార్యక్రమం కొనసాగేది, లేదా ఆగిపోయేది. నగరంలోని ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా నేను చేసింది ఇదే.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు నాకంటే గణితం బాగా వచ్చు. లెక్కల గురించి వాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. లెక్క మొదలవక ముందే జరిగిపోయే తప్పు గురించి మాత్రం చెప్పగలను. ఆ తప్పు నేను చేశాను. దానివల్ల ఒక మనిషి పోయింది. ‘దానివల్ల’ అన్న మాట రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎందుకు పట్టిందో కూడా ఇందులోనే చెబుతాను.

మొదటి పాఠం

మా సంస్థలో కొత్తగా చేరినవాళ్లకు, శాస్త్రం అంటే ఏమిటి అన్న పాఠం నేనే చెప్పేవాణ్ణి. ఆ పాఠం నాకు చాలా ఇష్టం. వాన పడొచ్చు, పడకపోవచ్చు అని చెప్పే జ్యోతిష్యుడు ఎన్నడూ తప్పు కాడు, తప్పయ్యే అవకాశమే లేని మాట మనకు ఏమీ చెప్పదు అనేవాణ్ణి. ఒక సిద్ధాంతం నిలబడాలంటే ఏం జరిగితే అది పడిపోతుందో ముందే చెప్పగలగాలి. తర్వాత మన శాస్త్రం వైపు వచ్చేవాణ్ణి. ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు అంటాం. తగ్గకపోతే? ‘మిగతా పరిస్థితులన్నీ మారకుండా ఉంటే’ అని ఒక షరతు దాచుకుని ఉంటాం, దాన్ని బయటికి తీస్తాం. మిగతా పరిస్థితులు మారకుండా ఎప్పుడూ ఉండవు కాబట్టి ఆ షరతు ఎప్పుడూ పనికొస్తుంది.

ఒకసారి వెనక వరుసలోంచి ఒక అబ్బాయి, “అయితే సార్, మన దాంట్ల ఎవ్వరు ఓడిపోరన్నట్టు!” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జాగ్రత్తగా ఉండకపోతే అంతే అన్నాను. జాగ్రత్తగా ఉండేవాళ్లలో నేనొకణ్ణని నా నమ్మకం.

మా డైరెక్టర్ రామశేషు గారు గుంటూరు నుంచి వచ్చిన మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలిచి ఎరగరు. ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది, నేర్చుకోకుండా ఉండాల్సిందీ కొంత ఉంది. నేను చేరిన కొత్తలో తుక్కుగూడ దగ్గరి ఒక ఊరి ఆదాయాల మీద పనిచేస్తున్నాం. మా జాబితాలో ఒక ఫంక్షన్ హాలు యజమాని పడ్డాడు. ఆయన ఒక్కడి ఆదాయం కలిపితే ఊరంతా ధనవంతులైనట్టు సగటు వస్తోంది. రామశేషు గారు కాగితం చూసి, “ఈయన్ని పక్కన పెట్టండి. ఊరి బొమ్మ చెడగొడుతున్నారు” అన్నారు. ఆ ఒక్క సందర్భంలో ఆయన అన్నది సబబే. కానీ నాకు దానితో ఒక అలవాటు పట్టుకుంది. బొమ్మ ముందే మనసులో ఉంటుంది. దానికి అడ్డం వచ్చింది కొలతలో లోపంలా కనిపిస్తుంది, అడ్డం రానిది సత్యంలా కనిపిస్తుంది. ఇష్టం లేని ఫలితాన్ని పదిసార్లు తిరగేసి చూసేవాణ్ణి. ఇష్టమైన ఫలితం వస్తే టీ తెప్పించుకునేవాణ్ణి.

కాటేదాన్ బస్సు

శ్రీశైలం రోడ్డు నుంచి మంఖాల్ వైపు లోపలికి ఉన్న కొన్ని ఊళ్లకు ఒక ట్రస్టు ఉచితంగా బస్సు నడిపేది. పొద్దున ఆడవాళ్లను ఎక్కించుకుని కాటేదాన్‌లో దింపేది, సాయంత్రం తీసుకొచ్చేది. కాటేదాన్‌లో బిస్కెట్లు ప్యాక్ చేసే షెడ్లు, ప్లాస్టిక్ డబ్బాల షెడ్లు, అట్టపెట్టెల షెడ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా పనిచేసేది ఆడవాళ్లే. బస్సు వల్ల ఈ ఊళ్ల ఆడవాళ్లకు పని దొరకడం పెరిగిందా అని ట్రస్టు మమ్మల్ని అడిగింది. బస్సు ఉన్న ఊళ్లనీ, లేని ఊళ్లనీ పోల్చి చెప్పాలి. అధ్యయనం బాధ్యత నాది.

జవాబు నాకు ముందే తెలుసనుకున్నాను. రోడ్డు మీద షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. పని నిజంగా కావాలనుకున్న మనిషి ఆటోకు ఇచ్చుకుని పోతుంది. ఉచిత బస్సు ఆమె ఖర్చును ట్రస్టు నెత్తికి మారుస్తుందే తప్ప కొత్తగా ఎవరినీ పనిలోకి తేదు. మనుషుల కోరికలు వాళ్ల ఖర్చులోనే బయటపడతాయన్నది మా శాస్త్రంలో పాత సూత్రం. దాన్ని సమర్థిస్తూ అంతకుముందే ఒక వ్యాసం కూడా రాసి ఉన్నాను.

సర్వేలో మాకొక నియమం ఉండేది. జాబితాలో ఉన్న ఇంటికి వెళ్తాం. తాళం ఉంటే ఇంకోసారి వెళ్తాం. మళ్లీ తాళమే ఉంటే కుడివైపు ఇంటికి వెళ్లి వాళ్లను అడుగుతాం. ఇంటిని మన ఇష్టప్రకారం ఎంచుకోకుండా ఉండటానికి పెట్టుకున్న నియమం అది. కుడివైపు అన్న మాటలో పక్షపాతం ఏముంటుంది? నియమాల పుస్తకంలో ఆ వాక్యం రాసింది నేనే.

ఫీల్డు పని చూసే సూపర్‌వైజర్ ఖాజా శంషాబాద్ మనిషి. ఇంటర్వ్యూలు చేసే పిల్లల్ని జీపులో తీసుకెళ్లి, పొద్దుగూకక ముందే తీసుకొచ్చేవాడు. రెండోసారి వెళ్లడం కూడా పగటిపూటే. చీకటి పడ్డాక ఆడపిల్లల్ని ఊళ్లలో తిప్పకూడదని సంస్థలో కట్టడి ఉంది. మంచి కట్టడే. మధ్యలో ఒకరోజు ఖాజా ఫోన్ చేశాడు.

“సార్, ఈ ఊర్ల తాళాలు జర ఎక్కువున్నయ్. ఎండకు పోరలు పరేషాన్ అయితున్నరు.”

“నియమం ఉంది కదా ఖాజా. కుడివైపు ఇల్లు.”

“గదే చేస్తున్నం సార్. కుడి దిక్కు తాత, ఎడమ దిక్కు తాత. తాతల సర్వే లెక్కనే ఉన్నది.”

ఇద్దరం నవ్వుకున్నాం. అతను ఎండ గురించి చెబుతున్నాడనుకున్నాను. అతనూ ఎండ గురించే చెప్పాడు. ఆ మాట విని ఒక్క నిమిషం ఆలోచించాల్సినవాణ్ణి నేను. ఏ ఊళ్లో తాళాలు ఎక్కువ, ఎందుకు ఎక్కువ అని అడిగి ఉంటే చాలు. నేను అడిగింది పని ఎప్పటికి అయిపోతుందని.

ఫలితం నేను అనుకున్నట్టే వచ్చింది. బస్సు ఉన్న ఊరికీ లేని ఊరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. టీ తెప్పించుకున్నాను. రిపోర్టులో ‘బస్సు ప్రభావం కనిపించలేదు’ అని రాశాం. కనిపించలేదు అంటే లేదు అని కాదని మొదటి పాఠంలో చెప్పేవాణ్ణే. ట్రస్టు సమావేశంలో మాత్రం ఆ తేడా నా నోట రాలేదు. ఈ డబ్బు ఇంకో మంచి పనికి వాడుకోవచ్చన్నాను. తర్వాతి నెల నుంచి బస్సు రాలేదు.

ఆదివారం

బస్సు ఆగాక ఆ ఊళ్ల నుంచి కాటేదాన్‌కు పోవడానికి మిగిలినవి రెండే దారులు. రోడ్డు దాకా నడిచి ఆటో పట్టుకోవాలి. అందులో ఆ వేళకు చోటు దొరకదు, దొరికినా కూలిలో పెద్ద వంతు దానికే పోతుంది. లేకపోతే కూరగాయలు దించి ఖాళీగా తిరిగే ట్రాలీ ఆటోల వెనక నిలబడి పోవాలి. ఆడవాళ్లు ట్రాలీ ఎక్కారు. ఔటర్ రింగురోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మలుపులో ఒక లారీ ఆ ట్రాలీని వెనకనుంచి గుద్దింది.

ఖాజాయే ఫోన్ చేశాడు. “సార్, మనం సర్వే చేసిన ఊరే. సుజాత అని ఒకామె అక్కడనే ఖతం అయింది. వాళ్లక్క యాదమ్మ దవాఖానల ఉన్నది.” “బస్సు బంద్ అయినంక గిట్ల పోతున్నరంట సార్” అని కూడా అన్నాడు.

యాదమ్మ ఇంటికి వచ్చిందని తెలిశాక ఒక ఆదివారం ఇద్దరం వెళ్లాం. ఆదివారం కావడం యాదృచ్ఛికం. నాకు ఆ రోజే ఖాళీ. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో ఖాజా పట్టుకున్నాడు. “సార్, అన్ని తలుపులు తీసే ఉన్నయ్ ఇయ్యాల” అన్నాడు. వాకిళ్లలో ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు, పిల్లలకు తలలు దువ్వుతున్నారు. కాటేదాన్‌లో ఆదివారం సెలవు. మా కాగితాల్లో ‘తాళం’ అని పడిన ఇళ్లన్నీ తెరిచి ఉన్నాయి. బస్సెక్కి పనికి పోయేవాళ్ల ఇళ్లే ఆ తాళాల ఇళ్లు. బస్సు ఎవరికి పనికొచ్చిందో వాళ్లను వదిలేసి, ఎవరికి పనికిరాదో వాళ్లను అడిగి, బస్సు వల్ల ప్రయోజనం లేదని రాశాను. బస్సు లేని ఊళ్లలో తాళాలు తక్కువ. అక్కడ పనికి పోయేవాళ్లే తక్కువ కాబట్టి. ఆ తాళాల తేడానే మేం వెతుకుతున్న ప్రభావం. దాన్ని మా నియమం శుభ్రంగా తుడిచేసింది.

యాదమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కుడిచేతికి కట్టు. ఆమె భర్త ఎయిర్‌పోర్టు దగ్గర సరుకులు ఎత్తే పని చేస్తాడు, ఆ రోజు కూడా డ్యూటీలో ఉన్నాడు. సుజాత మొగుణ్ణి వదిలేసి వచ్చి అక్క దగ్గరే ఉండేది. ఇద్దరూ ఒకే బిస్కెట్ల షెడ్డులో పనిచేసేవాళ్లు. పిల్లలు బడికి పోతే ఇంట్లో ఇక ఎవరూ ఉండరు. ఖాజా నన్ను పరిచయం చేసి, బస్సు మీద సర్వే చేయించిన సారు అన్నాడు.

“సర్వేనా? మమ్ములనెవ్వలు అడగలే” అంది యాదమ్మ.

పక్క అరుగు మీంచి ఒక ముసలాయన చెయ్యెత్తాడు. బాలయ్య. “నన్నడిగిండ్రు గదనే యాదమ్మా. బస్సు ఎక్కుతవా తాతా అన్నరు. ఎక్క అన్న. నాకెందుకు బస్సు? నేన్ యాడికి పోత?”

“నిన్నడుగుడేంది బాపూ, నువ్వు ఇంటి గల్మ దాటి ఎన్నొద్దులాయె!”

“మరి నువ్వు ఇంట్ల లేకపోతివి. ఎవలో ఒకలు చెప్పాలె గద సార్లకు!”

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. యాదమ్మ కూడా నవ్వబోయి, చెయ్యి నొప్పి పెట్టి ఆగిపోయింది. తర్వాత నావైపు చూసి మెల్లగా అడిగింది.

“ఒక్క ముచ్చట చెప్పు సారూ. బస్సుంటే మా చెల్లె బతికేదా?”

సిగ్గుతో రాస్తున్న మాట ఇది. నా జవాబు అప్పటికప్పుడు, ఏ తడబాటూ లేకుండా వచ్చింది. “ఒక్క సంఘటనను బట్టి అలా చెప్పలేమమ్మా” అన్నాను.

వృత్తి నన్ను అలా తయారుచేసింది. ఒక్క మనిషికి జరిగింది ఆధారం కాదని, చాలామందిని పోల్చి చూస్తే తప్ప కారణం తెలియదని మాకు నేర్పారు, నేనూ నేర్పాను. బస్సు కూడా ప్రమాదానికి గురికావచ్చు, ఆ రోజు ఆమె పనికి పోకపోవచ్చు, ఇలా ఎన్నైనా అనుకోవచ్చు. కానీ సుజాత ఆ పొద్దున ట్రాలీలో నిలబడింది, పక్కనే అక్క ఉంది, నిలబడింది ఎందుకో ఊరందరికీ తెలుసు. అందులో తెలియనిదేమీ లేదు. తెలిసినదాన్ని తెలియదనడానికి నా చేతిలో ఒక శాస్త్రం ఉంది.

 

పరిమితుల పేరా

మర్నాడు రామశేషు గారి దగ్గరికి వెళ్లాను. రిపోర్టు తప్పు, వెనక్కి తీసుకోవాలి అన్నాను. తాళాల సంగతి వివరించాను. ఆయనకు నా వివరణ సగంలోనే అర్థమైంది. తెలివైన మనిషి.

“సరేనండీ, మీ నిర్ధారణ నిలవదు. ఒప్పుకుంటాను. మరి సరైన నిర్ధారణ ఏమిటి? బస్సు ఎంత మేలు చేసింది?”

“ఇప్పుడు చెప్పలేమండీ. బస్సు లేదు. ఇక కొలవలేం.”

“చూశారా. చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేకుండా ట్రస్టు వాళ్ల ముందుకు వెళ్లి ఏం చెబుతాం? ఇన్నేళ్ల మన రిపోర్టులన్నిటినీ అనుమానించమని చెబుతామా? ఆ నియమం అన్నిటిలోనూ ఉందండీ.”

నాకు భయం వేసింది. ఆయన అన్నది నిజం. నా పేరున్న ప్రతి రిపోర్టులోనూ కుడివైపు ఇల్లు ఉంది. “తుది ప్రతి ఇంకా అచ్చుకు వెళ్లలేదు కదా, అందులో పరిమితుల పేరా ఒకటి చేర్చండి” అన్నారాయన. చేర్చాను. ‘సందర్శనలు పగటిపూట జరిగినందున కొన్ని కుటుంబాలకు తగిన ప్రాతినిధ్యం లభించకపోయి ఉండవచ్చు.’ ఈ వాక్యంలో అబద్ధం లేదు. ఎవరూ చదవకుండా ఉండేటట్టు రాసిన నిజం ఇది. ట్రస్టులో ఎవరూ చదవలేదు. నేను రిటైరయ్యేదాకా రెండోసారి ఆ మాట ఎత్తలేదు. మొదటి పాఠం మాత్రం ప్రతి ఏడాదీ చెప్పాను.

కొత్తగా వచ్చేవాళ్లకు ఒక్క సంగతి. ఈ పనిలో అబద్ధాలు రాయమని మిమ్మల్ని ఎవరూ అడగరు. నేను చూసిన పైవాళ్లలో ఎవరూ అడగలేదు. నిజాన్ని ఎక్కడ పెట్టాలో చెబుతారు. మీరు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఒప్పుకోవడానికి ఒక్క పేరా చాలు.

ఆలస్యంగా

రిటైరయ్యాక శంషాబాద్‌కు మారాను. ఇక్కడి నుంచి ఆ ఊరు దగ్గరే. చాలా నెలలు పోలేదు. పోయిననాడు యాదమ్మ కోసం అడిగితే, ఇప్పుడు కాటేదాన్‌కు పోవడం లేదన్నారు. ఆమె చెయ్యి పైకి లేవదు. రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో ఊడ్చే పని చేస్తోంది. అక్కడికే వెళ్లాను. వెనకవైపు, కుర్చీలు పేర్చినచోట నిలబడి మాట్లాడాం.

“అమ్మా, అప్పుడు మీరొక మాట అడిగారు. దానికి నేను సరిగ్గా చెప్పలేదు. బస్సు ఉంటే మీ చెల్లెలు బతికేది. బస్సు ఆగింది నా రిపోర్టు వల్ల. ఆ రిపోర్టు తప్పు.”

ఆమె చీపురు గోడకు ఆనించింది. నేను అనుకున్నట్టు ఏడవలేదు, తిట్టలేదు.

“గది నాకు అప్పుడే ఎరుకే సారూ. నీ నోట వింటే చాలనుకున్న. అప్పుడే అని ఉంటే, ఊరోళ్లమంత గా బస్సోళ్ల తాన్కి పోయేటోళ్లం. సారే తప్పయిందన్నడు, మల్ల నడుపుండ్రి అనేటోళ్లం. ఇప్పుడు చెప్తే ఏమొస్తది? నీ పానం బరువు దిగి జర హల్కగైతది.”

ఆమె మళ్లీ చీపురు అందుకుంది.

“నాకెందుకు చెప్తవ్? మా పక్కింటి జ్యోతి, ఆమె తోటోళ్లు ఇప్పటికి గా ట్రాలీలనే పోతున్నరు. చెప్పేదుంటే పోయి గా బస్సోళ్లకు చెప్పు.”

చెప్పాను. ట్రస్టు ఆఫీసులో ఇప్పుడు ఒక అమ్మాయి ఈ కార్యక్రమాలు చూస్తోంది. ఓపిగ్గా అంతా విని, కంప్యూటర్లో పాత రిపోర్టు తెరిచింది.

“మీరు చెప్పేది అర్థమైంది సార్. కానీ ప్రభావం లేదని ఒకసారి తేలిన కార్యక్రమాన్ని మళ్లీ మొదలుపెట్టాలంటే కొత్త అధ్యయనం ఉండాలి. అది మా నిబంధన.”

“బస్సు నడవకుండా బస్సు మీద అధ్యయనం ఎలా చేస్తామమ్మా?”

“అదే ఇబ్బంది సార్.”

ఆ నిబంధనను సూచించింది మా సంస్థే. జాలిపడి, బతిమాలితే లొంగి నిర్ణయాలు మార్చుకోకూడదని ట్రస్టుకు సలహా ఇచ్చిన రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను, గట్టిగా సమర్థించాను. ఇప్పుడు బతిమాలుతున్నది నేను. కొన్ని నెలలు బస్సు నడిపి చూడండి, ఆదివారాలూ సాయంత్రాలూ తిరిగి నేనే ఉచితంగా సర్వే చేసిపెడతాను, పాత రిపోర్టు తప్పని నా సంతకంతో రాసిస్తాను అన్నాను. రాసిచ్చాను కూడా. సమావేశంలో పెడతామని చెప్పింది. తేదీ చెప్పలేదు.

తిరిగి వెళ్లి యాదమ్మకు ఆ సంగతి చెప్పాను.

“మీటింగుల పెడ్తరంటనా? మంచిదే” అంది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి వేస్తూ, ఎడమచేత్తోనే, “గప్పటిదాంక?” అంది.

 జ్యోతి వాళ్లు ఆ పొద్దున కూడా ట్రాలీలోనే పోయారు.